తడి గోనెపట్టా

సరూర్‌నగర్ చెరువు పొంగి, సిద్ధిరాములు ఇంట్లకొచ్చి, ఆయన మగ్గాన్ని ముంచిన ఏడాది నుంచి లెక్కవెడితే అది నాలుగో ఎండకాలం. ఆ ఎండకాలంల ఒక బేస్తారం సాయంత్రం, ఎల్బీనగర్ నుంచి వచ్చిన ఆటోట్రాలీ ఆ ఇంటి ముందరనే ఆగింది. వీళ్లు చేసి నిన్న పెండ్లికి పంపిన చాయ్ కప్పుల సంచులు ఇయ్యాల వాపసొచ్చినయి.

ఒక్కొక్క సంచి వరండాల పడుతుంటే లోపల విరిగిన కప్పులు గలగలమన్నయి.

ఎదురింటి డాబా మీద బట్టలు తీస్తున్న ఆడామె, తీసిన చీరను మళ్ల దండెం మీదనే ఏసి, నిలవడి చూసింది.

"లోపల పెట్టుండ్రి బిడ్డా, లోపల. బజారంత చూస్తుంది," అన్నది సిద్ధిరాములు పెండ్లాం రాధమ్మ.

"లోపల ఏడ పెట్టాలె అమ్మా? మంచం మీదనా?" అన్నడు కొడుకు శ్రవణ్‌కుమార్. "చూడనియ్యి. నిన్న ఫంక్షన్ హాలంత చూసింది. ఇయ్యాల బజారు చూస్తే కొత్తగ పోయేదేమున్నది?"

సిద్ధిరాములు వరండా మూలకు కుర్చీల కూసున్నడు. ఆయన మాట్లాడడు. మగ్గం గుంటల కాళ్లు పెట్టుకొని బతుకంత నేసిన మనిషి, ఏది చెప్పాలన్నా చేతులతోనే చెప్పుడు అలవాటైంది. ఇంట్ల ఎవ్వరు ఆయన మాట కోసం ఆగరు. ఆయన చెప్పులు మాత్రం ఎవరో జరిపి, ఆ జాగల సంచి పెట్టిండ్రు. ఆ దిక్కే చూస్తున్నడు.

ట్రాలీ ఎనుకనే స్కూటర్ మీద మల్లికార్జునరావు దిగిండు. క్యాటరింగ్ ఆయన. గుంటూరు దిక్కు నుంచి వచ్చి ఎల్బీనగర్‌ల నిలదొక్కుకున్నడు. నిన్నటి పెండ్లి వంటలు ఆయనవే. కోపమొచ్చినా గొంతెత్తడు. ఈ ఇంటోళ్లకు అదే కష్టమైంది.

"కూసోండ్రి సార్," అని కోడలు స్పందన కుర్చీ తెచ్చి ఏసింది.

"కూర్చోను లేమ్మా. శ్రవణ్ గారూ, నేను తిట్టడానికి రాలేదండీ. తిట్టేసి వెళ్లిపోతే నాకే హాయిగా ఉండేది. పెళ్లికొడుకు నాయనమ్మ హనుమాయమ్మ గారు, కాలిన చెయ్యి ఇలా పట్టుకుని నన్నేమన్నారో తెలుసా? 'బాబూ, గ్లాసులు లేవని ముందే చెప్తే మా ఇంట్లోవి తెచ్చుకునేవాళ్లం కదా' అన్నారు."



"చెయ్యి ఎట్లున్నది సార్ ఇప్పుడు?" అని అడిగింది స్పందన.

"బొబ్బలెక్కిందమ్మా. ఆసుపత్రిలో కట్టు కట్టారు, తగ్గుతుందన్నారు. అది తగ్గుతుంది. కానీ 'ఇవి మొక్కజొన్నతో చేసిన కప్పులు, వాడి పారేస్తే భూమిలో కలిసిపోతాయి' అని నేను మైకులో చెప్పించానే, అదెలా తగ్గుతుంది? టీ పోయడం, పుటుక్కున విరగడం. పంతులు గారి పంచె, వియ్యపురాలి పట్టుచీర, అన్నీ టీయే. ఇప్పుడు వాటికో పేరు కూడా పెట్టారు. మట్టి కప్పులట."

రాధమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకున్నది. నిన్న ఆ హాల్ల, పక్క కుర్చీ ఆమెకు, ఆ పక్క కుర్చీ ఆమెకు, "గీ కప్పులు మా కోడలే చేసింది" అని చెప్పుకున్నది తనే.

"తప్పు మాదే సార్," అన్నడు శ్రవణ్. "ప్లాస్టిక్‌ల మట్టి కలుపుడేంది అని అందరు మొత్తుకున్నరు. మా ఆమె ఇనలే. ఎమ్మెస్సీల చేసిన అన్నది, నాకు తెలుసన్నది. మట్టి కలిపితే పగలక ఏమైతది? రేపటి సంది మట్టి బంద్ సార్."

"మట్టితోని కాలే," అన్నది స్పందన.

"ఇగో, గిదే చెప్పేది నేను. ఇంకా గదే మాట."

"మట్టితోని కాలే." ఆమె సంచి మూతి విప్పి ఒక కప్పు తీసింది. రెండు వేళ్లతోని అంచును వంచబోయింది. కప్పు వంగలే. టప్పుమని విరిగింది. "చూడుండ్రి సార్. మట్టి తక్కువైనా, అచ్చు చల్లగున్నా కప్పు మెత్తవడి కుంగుతది. మట్టి లేకుంట ముందుగాల చేసినయి చాయ్ పోస్తే ఎట్ల కుంగినయో మీరే చూసిండ్రు. ఇవి కుంగలే. విరిగినయి. కుంగుడు వేరు, విరుగుడు వేరు."

"కుంగితేంది, విరిగితేంది?" అన్నది రాధమ్మ. "ముసలామె చెయ్యి కాలె గద. గామెకు పోయి చెప్పు, ఇది వేరమ్మా అది వేరమ్మా అని."

"అత్తమ్మా, జర ఆగుండ్రి." స్పందన విరిగిన ముక్కను వెలుతురుకు పట్టింది. "ఈ గీతలు కనపడుతున్నయా సార్? వెండి తీగ లెక్క సన్నగ? ఇవి తడి గీతలు. మేం కరిగిచ్చే గింజలకు, దానాకు తడి తగిలితేనే వస్తయి. ఎండబెట్టిన దానా మళ్ల తడి తాగింది. ఆ తడితోనే మిషిన్ల కరిగితే, లోపలున్న పోగులు ఎక్కడికక్కడ తెగుతయి. పోగు తెగిన సరుకు ఎట్ల నిలుస్తది? గింతే అయింది. ఏడనో తడి తగిలింది."

తడి.

ఆ మాట ఇనంగనే సిద్ధిరాములు ఒళ్లో ఉన్న చేతులు బరువెక్కినయి. ఎవరివో చేతులు తెచ్చి తన ఒళ్లో పెట్టినట్టున్నయి.

చెరువు ముంచినంక మగ్గం కట్టె ఉబ్బి వంకర పోతే విప్పి అటక మీద పడేసిండ్రు. ఆనాటి సంది ఆయన చేతులకు పనిలేదు. శ్రవణ్ బట్టల దుకాణం నౌకరీ ఇడిచిపెట్టి ఎల్బీనగర్‌ల రేకుల షెడ్డు కిరాయికి తీసుకున్నప్పుడు, "మామయ్యను గూడ తీసుకపోదం. ఆయన కూసుంటే నాకు ధైర్యం" అన్నది స్పందనే. "సరే గని, నాయినా, దేన్ని ముట్టకు" అన్నడు శ్రవణ్.

ఆయన ముట్టలే. కుర్చీల కూసొని చూసిండు. ఒకనాడు మాత్రం, తెల్లగ మెరిసే గింజలు పిడికెడు చూపిచ్చి, "ఇదేం సరుకు?" అని అడిగిండు.

"దానా అంటరు మామయ్యా. పాలిస్టరే ఇది గూడ."

ఆయన మొఖం తిప్పుకున్నడు. పాలిస్టరంటే ఆయనకు కడుపుమంట. పోచంపల్లి చీర మీది పువ్వులను, చిలుకలను పాలిస్టరు బట్ట మీద అచ్చుగుద్ది దిల్‌సుఖ్‌నగర్ దుకాణాలల్ల కుప్పలు పోసినంకనే కద ఆయన నేసిన చీరను అడిగే దిక్కు లేకుంటపోయింది.

స్పందనకు అర్థమైంది. స్టూలు జరుపుకొని పక్కన కూసున్నది.

"జాతి ఒక్కటే మామయ్యా, గుణం వేరు. ఇది మొక్కజొన్న నుంచి తీస్తరు. దీని లోపల కండ్లకు కనపడని పోగులుంటయి. కరిగిచ్చినప్పుడు అన్ని చిక్కువడి ఉంటయి. ఆ చిక్కుతోనే గట్టివడితే కప్పు చాయ్ వేడికి కుంగుతది. అందుకే గింత మట్టిపొడి కలుపుత. మీ పోగు చుట్టే ఆసు చట్రం మీద మేకులుంటయి గద? మేకుల చుట్టు పోగు ఎట్ల వరుసగ పడుతది? గట్లనే మట్టి రవ్వల చుట్టు ఈ పోగులు వరుసలు కడతయి. మట్టి లేకున్నా కడతయి గని, చానసేపు పడుతది. మిషిను గంతసేపు ఆగది. మట్టి ఉంటే జల్ది కడతయి. వరుస కట్టిన పోగు వేడికి లొంగది."

"మట్టి ఎక్కువైతే?" అని అడిగిండు సిద్ధిరాములు. ఒక్క దినంల రెండు మాటలు అడుగుడు ఆయనకు కొత్త.

"మేకులన్ని ఒక్క దగ్గరనే కొట్టినట్టు మామయ్యా. ముద్ద కడతది. పోగు పోనీకె జాగ ఉండది."

ఆ పూట ఆయనకు షెడ్డంత తెలిసినట్టయింది. ఇంత సదివిన పిల్ల, తన ఇంటి ఆసును మనసుల పెట్టుకొని చెప్పింది. అయితే ఇది గూడ పోగే. పోగంటే ఆయనకు ఎవరు చెప్పాలె?

మొన్న ఆయిత్వారం కరెంటు పోయింది. స్పందన దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్ల క్లాసు చెప్పనీకె పోయింది. శ్రవణ్ సంచులు తేనీకె పోయిండు. మిషిను నడిపే జానయ్య బువ్వ తిననీకె పోయిండు. రేకుల కింద కుంపట్ల కూసున్నట్టున్నది. సిద్ధిరాములు లేచి దానా పోసిన డ్రమ్ము మూత ఎత్తి చూసిండు. చెయ్యి పెట్టిండు. దానా చుర్రుమని కాలుతున్నది. ఎండి, పిటపిటమంటున్నది.

అయ్యో, గిట్ల ఎండితే పోగు నిలుస్తదా?

ఎండకాలం వస్తే మగ్గం గుంటల నీళ్లు చల్లుతరు. కిటికీకి తడి గోనె కడతరు. గాలి పొడిగైతే పోగు తెగుతది, తేమ ఉంటే నిలుస్తది. ఆయన తండ్రి గట్లనే చేసిండు, తాత గట్లనే చేసిండు. మూడో తరగతిల బడి ఇడిచినంక ఆయన సదివిన సదువు గదే.

మూలకున్న గోనెపట్టాను తొట్టిల ముంచి, పిండి, డ్రమ్ము మూతి మీద పరిచి, బిడ్డకు దుప్పటి కప్పినట్టు అంచులు లోపలికి మలిచిండు. పైనుంచి వేళ్లతోని నీళ్లు చిలకరిచ్చిండు. ఎవ్వరు చెప్పకుండనే షెడ్డుకు ఒక పని చేసినట్టు, ఆయనకు చాన దినాలకు ఆకలైంది.

కరెంటు వచ్చింది. జానయ్య ఉరికొచ్చి పట్టా తీసి పక్కకేసి, దానాను మిషిన్ల పోసిండు. కప్పులు పడుతుంటే సిద్ధిరాములు ఒకటి తీసి వెలుతురుకు పట్టిండు. జరీ తీగ లెక్క వెండి గీతలు మెరుస్తున్నయి. ఎంత మంచిగున్నయో అనుకున్నడు.

ఇప్పుడు ఆ గీతలనే కోడలు అందరికి చూపిస్తున్నది.

"తడి ఏడిది?" అంటున్నడు శ్రవణ్. "ఎర్రటి ఎండకాలంల తడి ఏడికెళ్లొచ్చింది? దానా ఎండబెట్టింది నువ్వు. డ్రమ్ముల పోసింది నువ్వు. మూత పెట్టింది ఎవరు?"

"నేనే పెట్టిన."

"మరి?"

స్పందన విరిగిన ముక్కను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది.

"చాయ్ పోసి చూడకుంట సంచులు కట్టిచ్చింది మీరు," అన్నది మెల్లగ. "నేను క్లాసు నుంచి వచ్చేదాక ఆగుమన్న."

"అంటే ఇప్పుడు నా మీదికొచ్చిందా?"

సిద్ధిరాములు నోరు తెరిచిండు. నాలుక కదిలింది గూడ. అప్పుడే రాధమ్మ చాయ్ గిలాస తెచ్చి చేతుల పెట్టింది. స్టీలుది. చాయ్ ఒలికి ధోతి మీద పడ్డది.

"నీకు గూడ గిప్పుడేనా?" అని రాధమ్మ కొంగుతోని తుడిచింది. అందరు మళ్ల తమ తమ మాటలల్ల పడ్డరు. ఆయన నోరు మూసుకున్నడు. మూసుకున్నందుకు పానం జర తేలికైంది. ఆ తేలిక మీద ఆయనకు రోతవుట్టింది.

మల్లికార్జునరావు తాళంచెవి జేబుల నుంచి తీసిండు.

"నాకు ఎవరి తప్పో అక్కర్లేదండీ. ఎందుకయిందో కావాలి. వచ్చే వారం ఇంకో పెళ్లుంది. రేపు పొద్దున్నే షెడ్డుకొస్తాను. ఇదీ కారణం, మళ్లీ అవదు అని మీరు చెప్తే, మీ కప్పులే పెడతాను. తెలియదంటే స్టీలు గ్లాసులకి వెళ్లిపోతాను. తెలియని దాన్ని ఇంకో ముసలావిడ చేతిలో పెట్టలేను."

పోతూ పోతూ సిద్ధిరాములుకు చేతులు జోడిచ్చిండు. "వస్తానండీ పెద్దాయనా. మీలాంటివాళ్లు నిన్న అక్కడ కూర్చుని అదంతా చూడాల్సొచ్చింది. దానికీ సిగ్గుగానే ఉంది నాకు."

స్కూటర్ చప్పుడు మలుపు తిరిగింది.

"రేపు ఆయన ముందల ఒక్క మాట చెప్పు," అన్నడు శ్రవణ్ పెండ్లాంతోని. గొంతు దించిండు. "మట్టి లెక్క తప్పింది, నాదే తప్పు, ఇగ మట్టి కలుపం అని చెప్పు. మామూలు ప్లాస్టిక్ కప్పులు చేసిద్దాం. షెడ్డన్న నిలవడుతది."

"చెయ్యని తప్పును చేసినని ఎట్ల చెప్త?"

"నోటితోని చెప్పు."

"ఒక్కసారి చెప్తే ఇగ అదే నిజమైతది," అన్నది స్పందన. "రేపటి సంది మట్టి కప్పుల ఆమె అంటరు నన్ను. అంటున్నరు గూడ. గది పడుత. గని మట్టితోని అయిందని నా నోటితోని నేనెట్ల అంట? అంటే ఈ పని ఇగ ఎవ్వరు చెయ్యరు. నేను గూడ చెయ్య."

"చెయ్యకు. ఎవరు చెయ్యమన్నరు?"

స్పందన మొఖం చిన్నబోయింది. రాధమ్మ దిక్కు చూసింది. రాధమ్మ సంచులకు లేని ముడులు బిగిస్తున్నది.

"అత్తమ్మా, మీరు గూడ గట్లనే అంటరా?"

"నేనేమంట బిడ్డా," అన్నది రాధమ్మ, తల ఎత్తకుండ. "మా కోడలు చేసింది అని నిన్న నేనే చెప్పుకున్న. మా కోడలే చెడగొట్టింది అని రేపు గూడ నన్నే చెప్పమంటున్నరు. ఈ నోరు ఒక్కటే గద నాకు."

స్పందన లోపలికి పోయింది. బీరువా తలుపు తీసిన చప్పుడు, ఏసిన చప్పుడు. చేతి సంచితోని బయటికొచ్చింది. అల్మాస్‌గూడల అమ్మగారింటికి.

"పొద్దుగాల షెడ్డుకొస్త," అన్నది. "నా తక్కెడ, నా నమూనా కప్పులు ఉన్నయి. తీస్కపోత."

శ్రవణ్ పొమ్మనలే, వద్దనలే. ఫోన్‌ల ఏదో చూస్తున్నట్టు నిలవడ్డడు. ఫోన్ వెలుగుతలేదు.

సిద్ధిరాములు లేచి కోడలెనుక గేటు దాక నడిచిండు. ఎందుకు నడిచిండో ఆయనకే తెల్వదు.

గేటు దగ్గర ఆమె ఆగింది.

"మామయ్యా, మీ బీపీ గోలీలు ఫ్రిజ్ మీద పెట్టిన. బువ్వ తిన్నంక ఏసుకోండ్రి." రెండడుగులేసి మళ్ల ఎనుకకు తిరిగింది. "ఒక్కటి అడుగుత మామయ్యా. ఆయిత్వారం కరెంటు పోయినప్పుడు మీరు అక్కడనే ఉన్నరు గద. డ్రమ్ము దగ్గరికి ఎవరన్న వచ్చిండ్రా? మూత ఎవరన్న తీసిండ్రా?"

గేటు కమ్మి ఇంకా ఎండ వేడి మీదనే ఉన్నది. సిద్ధిరాములు దాన్నే పట్టుకున్నడు.

"ఎవ్వరు రాలే," అన్నడు.

అది నిజమే. బయటినుంచి ఎవ్వరు రాలే.

"మీరుండంగ ఎవరొస్తరు లే," అని స్పందన నవ్వబోయింది. నవ్వు కాలే. "నేనే ఏదో చూసుకోలేదేమో మామయ్యా. ఏమో. మూత గట్టిగ పెట్టలేదేమో." ఆమె తన మీద తానే అనుమానపడుడు మొదలువెట్టింది. ఆయన కండ్ల ముందరనే మొదలువెట్టింది.

షేరాటో వచ్చింది. ఎక్కింది. పోయింది.

ఆయన గేటు దగ్గరనే ఉన్నడు. ఎనుకనుంచి జానయ్య వచ్చి పక్కకు నిలవడ్డడు. ట్రాలీతోని సంచులెక్కిచ్చి తెచ్చింది ఆయనే. నల్గొండ దిక్కు మనిషి. పొద్దంత మిషిను ముందర ఉండి ఉండి, మెల్లగ మాట్లాడుడు మరిచిపోయినోడు. ఇప్పుడు మాత్రం చెవుల ఊదినట్టు మాట్లాడిండు.

"పెద్దయ్యా, గా గోనెపట్టా నేనే తీసి పక్కకేసిన. తడిగుండె. కరెంటొచ్చిందన్న జల్దిల నేను గూడ సోచాయించలే."

సిద్ధిరాములు ఆయన దిక్కు చూడలే.

"సేటుకు చెప్పలే నేను. మేడం అడిగినా చెప్ప. మీ పేరు నా నోట్ల రాదు. మా నాయిన అసొంటోళ్లు మీరు. పరేషాన్ గాకుండ్రి."

ఆ మాట ధైర్యానికి చెప్పిండు. సిద్ధిరాములుకు మాత్రం, బజారు నడుమ తన ధోతి ఊడితే పక్కోడు చూడనట్టు మొఖం తిప్పుకున్నట్టయింది. చూసిండని తెలుస్తనే ఉన్నది.

"మరి కోడలు?" అన్నడు.

"మేడం సదువుకున్నది పెద్దయ్యా. తట్టుకుంటది. మీకు ఈ వయసుల మాట పడుడెందుకు?"

సిద్ధిరాములు ఇంట్లకు పోయిండు. రాధమ్మ బువ్వ పెట్టింది. శ్రవణ్ తినలే. కంచం ముందర కూసొని లేచిపోయిండు. కోడలు కూసునే జాగల ఆమె మంచినీళ్ల చెంబు ఉన్నది. దాన్ని ఎవ్వరు తీయలే.

"ఏమయ్యా," అన్నది రాధమ్మ. "పిల్ల సంచి పట్టుకొని పోతుంటే గేటు దాక పోయినవ్. ఒక్క మాటన్న ఆగుమన్నవా?"

ఆయన బువ్వల వేళ్లు పెట్టి కలుపుతనే ఉన్నడు.

"అందరికంటే నిన్నే ఎక్కువ చూసుకున్నది గద అది. మా మామయ్య కూసుంటే ధైర్యం అంటది. ఏం ధైర్యమో. ఖాళీ కుర్చీ గూడ ఇస్తది గా ధైర్యం."

ఆయన గోలీ ఏసుకోలే. మంచం మీద ఒరిగి అటక దిక్కు చూసిండు. విప్పి పడేసిన మగ్గం కట్టెలు చీకట్ల కనపడుతలేవు గని, ఏది ఏడున్నదో ఆయనకు తెలుసు.

*

తెల్లారంగనే స్నానం చేసిండు. ఉతికిన ధోతి కట్టిండు. రాధమ్మ చాయ్ పెడుతుంటే చెప్పకుండనే గేటు తీసిండు.

దిల్‌సుఖ్‌నగర్ దాక నడిచిండు. కోచింగ్ సెంటర్ల ముందర పిల్లలు బ్యాగులేసుకొని ఉరుకుతున్నరు. వాళ్లల్ల కోడలు సదువు చెప్పేటోళ్లు ఎందరున్నరో. ఒక పిల్ల తగిలి, "సారీ తాతా" అన్నది. ఆయన పక్కకు జరిగిండు. మెట్రో కింద ఎల్బీనగర్ షేరాటో దొరికింది. దార్ల మొన్నటి పెండ్లి ఫంక్షన్ హాలు వచ్చింది. తల దించుకున్నడు. ఆటోల ఎవ్వరికి ఆయన తెల్వదు. అయినా దించుకున్నడు.

షెడ్డుకు చేరేసరికి అందరు వచ్చిండ్రు. మల్లికార్జునరావు స్కూటర్ గోడ నీడకు పెట్టి ఉన్నది. శ్రవణ్ చేతులు కట్టుకొని మిషిను పక్కన నిలవడ్డడు. స్పందన తక్కెడను తువ్వాలల చుట్టి సంచిల పెట్టుకుంటున్నది. కండ్లు ఉబ్బి ఉన్నయి. జానయ్య ఆయనను చూసి బిత్తరపోయిండు. తల అడ్డం ఊపిండు, వద్దన్నట్టు.

"నువ్వెందుకొచ్చినవ్ నాయినా? ఎండల," అన్నడు శ్రవణ్. జవాబు కోసం ఆగలే. "చెప్పు," అన్నడు స్పందనతోని. "సార్‌కు ఆలస్యమైతుంది."

స్పందన తక్కెడ సంచిని కింద పెట్టింది. మొఖం తుడుచుకున్నది. అల్మాస్‌గూడల ఏం అనుకున్నదో, తల్లి ఏం చెప్పి పంపిందో. నిన్నటి పట్టు ఆమె గొంతుల లేదు.

"రావు గారూ," అన్నది. "మట్టితోని అయిందని నేను అనుకుంటలే. గని తడి ఏడికెళ్లొచ్చిందో నాకు తెలుస్తలే. మూత పెట్టింది నేను. నేనే సరిగ చూసుకోలేదేమో. అందుకే తప్పు..."

నీళ్ల చప్పుడైంది.

సిద్ధిరాములు తొట్టి దగ్గర వంగి ఉన్నడు. మూలకున్న గోనెపట్టా ఆయన చేతులల్ల ఉన్నది. మోచేతుల దాక నీళ్లల్ల ముంచి, పైకి తీసి, రెండు కొసలు పట్టి పిండిండు. నీళ్లు నేల మీద ధారగ పడ్డయి. ఎవ్వరి దిక్కు చూడకుండ డ్రమ్ము దగ్గరికి నడిచిండు. మూత తీసి కింద పెట్టిండు. పట్టాను మూతి మీద పరిచిండు. ఒక్కొక్క అంచును లోపలికి మలిచిండు, ఆయిత్వారం మలిచినట్టే.

"నాయినా! ఏం చేస్తున్నవ్?" శ్రవణ్ ఉరికొచ్చిండు. "తడి తగిలితే దానా ఖరాబైతది!"

"అయింది," అన్నడు సిద్ధిరాములు.

శ్రవణ్ కాళ్లు అక్కడనే ఆగినయి.

సిద్ధిరాములు మళ్ల తొట్టిల చెయ్యి ముంచిండు. వేళ్లతోని పట్టా మీద నీళ్లు చిలకరిచ్చిండు. ఒక్క చుక్క తక్కువ గాకుండ, అంత చూపిచ్చిండు. అటెనుక నిలవడ్డడు. చెయ్యవలసింది అయిపోయింది. చేతులు ఏడ పెట్టుకోవాల్నో తెలుస్తలేదు.

"పోగన్నది గద," అన్నడు. "తెగుతదనుకున్న."

మిషిను నడుస్తలేదు. రేకుల మీద కాకి గోళ్ల చప్పుడు ఇనపడ్డది. జానయ్య మెడ వంచి నేల చూస్తున్నడు. మల్లికార్జునరావు కండ్లద్దాలు తీసి తుడుచుకున్నడు. శ్రవణ్ తండ్రిని చూసిండు, పెండ్లాన్ని చూసిండు, ఇద్దర్ల ఎవ్వరి దగ్గరికి పోలే.

స్పందన ఒక్కతే కదిలింది. డ్రమ్ముకు ఆ పక్క వచ్చి నిలవడ్డది. తడి గోనెపట్టా ఇద్దరి నడుమ ఉన్నది. పట్టా మీద చెయ్యి పెట్టబోయి, పెట్టలే.

"నిన్న గేటు దగ్గర అడిగిన గద మామయ్యా," అన్నది.